వాక్కు – సభ – ఖడ్గం: రోమన్ వాగ్మి సిసిరో జీవిత పరిశీలన

పీఠిక

శబ్దశక్తిని గురించి మన వైయాకరణులు, మీమాంసకులు, ఆలంకారికులు చేసిన చర్చ అపారమైనది. అభిధ, లక్షణ, వ్యంజన అనే వృత్తుల వివేచనలో వారు చూపిన సూక్ష్మత అసామాన్యం. అయితే ఆ చర్చ ప్రధానంగా అర్థబోధను, రసానుభూతిని ఆశ్రయించి సాగింది. ఒక వ్యక్తి సభామధ్యంలో నిలిచి పలికిన మాట రాజ్యగతిని మార్చడం, నిందితుని ప్రాణాన్ని నిలపడం, తుదకు పలికినవాని ప్రాణానికే ముప్పు తేవడం అనే దృష్టితో వాక్కును పరిశీలించదలచిన వారికి ప్రాచీన రోమ్ నగర చరిత్ర విలువైన సామగ్రిని అందిస్తుంది. ఆ చరిత్రలో మార్కస్ టుల్లియస్ సిసిరో (క్రీ.పూ. 106–43) జీవితం ప్రత్యేకంగా పరిశీలింపదగినది. వంశబలం, సేనాబలం లేని ఒక వ్యక్తి కేవలం వాగ్బలంతో అత్యున్నత పదవిని అందుకోవడం, ఆ వాక్కు కారణంగానే హతుడు కావడం ఇందులో కనిపిస్తాయి. వాక్కుకు ఆ శక్తి ఎక్కడినుండి వచ్చింది, ఎప్పుడు లోపించింది అనే ప్రశ్నలకు ఆయన జీవితం ఆధారంగా సమాధానం వెదకడం ఈ వ్యాసం ఉద్దేశం.

రోమన్ గణరాజ్యంలో మాటకు గల స్థానం

క్రీ.పూ. మొదటి శతాబ్దినాటి రోమ్‌లో రాజు లేడు. ఏటేటా ఎన్నికయ్యే ఇద్దరు కాన్సల్‌లు పాలనను నిర్వహించేవారు. మాజీ అధికారులతో కూడిన సెనేట్ సభ సలహా ఇచ్చేది. శాసనాలను ఆమోదించే అధికారం ప్రజాసభలది. నేరవిచారణ ఫోరం అనే బహిరంగ ప్రదేశంలో, న్యాయనిర్ణేతల బృందం ఎదుట, పురజనులు చూస్తుండగా జరిగేది. ప్రభుత్వ పక్షాన అభియోగం నడిపే ప్రత్యేకాధికారి లేడు. ఏ పౌరుడైనా ముందుకు వచ్చి నేరం మోపవచ్చు. వాదించినందుకు ప్రతిఫలం స్వీకరించరాదని క్రీ.పూ. 204లో శాసనం చేశారు. కనుక వాదించినవానికి దక్కేది స్నేహం, కృతజ్ఞత, ఎన్నికలలో మద్దతు. సెనేట్‌లోను, ప్రజల ముందు, న్యాయస్థానంలోను పని నడిచే సాధనం ఒక్కటే; అది ప్రసంగం.

ఫోరంలో వక్తలు నిలిచే వేదికకు రోస్ట్రా అని పేరు. క్రీ.పూ. 338లో ఆంటియం నగరాన్ని జయించిన రోమనులు, శత్రునౌకల ముందుభాగాన ఉండే లోహపు కొమ్ములను తెచ్చి ఆ వేదికకు అలంకరించారు. ఆ కొమ్ములను బట్టే దానికి ఆ పేరు వచ్చింది. యుద్ధంలో గెలిచిన ఆయుధాలపై నిలిచి మాట్లాడే ఈ వేదిక సిసిరో కథకు ఆదిలోను, అంతంలోను కూడా కనిపిస్తుంది.

జననం – విద్యాభ్యాసం

సిసిరో క్రీ.పూ. 106 జనవరి 3న రోమ్‌కు ఆగ్నేయంగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని అర్పినం అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి సంపన్నుడే గాని, ఆ వంశంలో అంతవరకు ఎవరూ సెనేట్‌లో ప్రవేశించలేదు. ఇంటిపేరుకు మూలం శనగగింజను తెలిపే లాటిన్ పదం. రాజకీయాలలోకి అడుగుపెట్టే వేళ ఆ పేరు మార్చుకొమ్మని మిత్రులు హితవు చెప్పగా, దానినే గొప్ప వంశనామాలకన్న ప్రసిద్ధం చేస్తానని అతడు బదులిచ్చినట్లు ప్లూటార్క్ తెలిపాడు.

తండ్రి కుమారులిద్దరిని రోమ్‌కు తెచ్చి చదివించాడు. ఆనాటి మహావక్తలైన క్రాసస్, ఆంటోనియస్‌ల వాదాలను బాలుడైన సిసిరో విన్నాడు. స్కేవోలా వద్ద ధర్మశాస్త్రం, గ్రీకు ఆచార్యుడు ఫైలో వద్ద తత్త్వశాస్త్రం అభ్యసించాడు. క్రీ.పూ. 87లో అంతర్యుద్ధ కల్లోలంలో ఆంటోనియస్ హతుడయ్యాడు. ఎందరో నిందితులను తన వాదంతో కాపాడిన ఆ వేదికపైనే ఆతని శిరస్సును ప్రదర్శించారు. అప్పటికి సిసిరో వయస్సు 19. మూడు దశాబ్దాల తరువాత, క్రీ.పూ. 55లో, వక్తృత్వాన్ని గురించి రచించిన సంవాద గ్రంథంలో క్రాసస్‌ను, ఆంటోనియస్‌ను ప్రధాన పాత్రలుగా నిలిపి, ఆ దారుణాన్ని అతడు స్మరించాడు. తన అంతం కూడ అటువంటిదే కాగలదని అతడు అప్పుడు ఊహించి ఉండడు.

తొలి వాదం: జాబితాకు ఎదురు నిలిచిన మాట

క్రీ.పూ. 82లో సల్లా సైన్యబలంతో రోమ్‌ను వశపరచుకొని, వధ్యుల పేర్లను వ్రాసి బహిరంగంగా ప్రకటించే పద్ధతిని ప్రవేశపెట్టాడు. ఆ జాబితాకు ఎక్కినవానిని ఎవరైనా చంపవచ్చు. చంపినవానికి బహుమానం లభిస్తుంది. మృతుని ఆస్తి వేలం వేయబడుతుంది. ఇది కూడ ఒక విధమైన వాక్కే. అయితే దీనికి ప్రతివాదం లేదు. పేరు వ్రాయడంతోనే తీర్పు ముగుస్తుంది.

క్రీ.పూ. 80లో సెక్స్టస్ రోసియస్ అనే గ్రామీణునిపై పితృహత్యానేరం మోపారు. అతని తండ్రి హతుడైన తరువాత పేరును ఆ జాబితాలో చేర్చి, 60 లక్షల సెస్టర్సుల విలువ గల ఆస్తిని సల్లాకు ఆప్తుడైన క్రిసోగోనస్ కేవలం 2,000 సెస్టర్సులకు కొన్నాడు. కుమారునికి శిక్ష పడితే ఆ ఆస్తిని గురించి అడిగేవాడే ఉండడు. పెద్ద వక్తలు భయంతో వెనుకాడగా, 26 సంవత్సరాల సిసిరో వాదానికి పూనుకున్నాడు. సల్లా మహాకార్యాలలో నిమగ్నుడై ఉన్నందున పరిజనుల అక్రమాలను ఎరుగడని చెబుతూనే, క్రిసోగోనస్ దురాశను సభాముఖంగా వెల్లడించాడు. రోసియస్ నిర్దోషిగా విడుదలయ్యాడు. అధికారిని నిందించకుండా అధికార దుర్వినియోగాన్ని నిరూపించిన ఈ నేర్పు గమనార్హం. మన ఆలంకారికులు ఔచిత్యమన్న గుణం ఇక్కడ ప్రాణరక్షకమైంది.

అనంతరం సిసిరో రెండు సంవత్సరాలపాటు గ్రీసు, ఆసియా ప్రాంతాలలో పర్యటించాడు. అతి బిగ్గరగా, ఆవేశంతో మాట్లాడే అలవాటువల్ల అతని దేహం క్షీణించసాగింది. రోడ్స్ ద్వీపంలో మోలన్ అనే ఆచార్యుడు అతని కంఠస్వరాన్ని, వాక్యప్రవాహాన్ని అదుపులోనికి తెచ్చాడు. తిరిగి వచ్చేనాటికి అతడు దాదాపు వేరొక వక్త.

వెర్రెస్ విచారణ: మితభాషణ మహిమ

క్రీ.పూ. 75లో సిసిలీ ద్వీపంలో ఆర్థికాధికారిగా పనిచేసినపుడు సిసిరో నిజాయితీకి పేరు తెచ్చుకున్నాడు. అందువల్ల క్రీ.పూ. 73–71 మధ్య తమను పాలించి దోచుకున్న వెర్రెస్‌పై అభియోగం నడపవలసిందని సిసిలీ ప్రజలు అతనిని ఆశ్రయించారు. ఆలయాలలోని విగ్రహాలు, రైతుల ధాన్యం వెర్రెస్ దోపిడికి గురికాగా, రోమన్ పౌరునికి సైతం శిలువ శిక్ష తప్పలేదు. వెర్రెస్ పక్షాన నిలిచినవాడు నాటి వక్తలలో అగ్రగణ్యుడైన హార్టెన్సియస్. అతడు మరుసటి సంవత్సరానికి కాన్సల్‌గా ఎన్నికయ్యాడు. విచారణను కొత్త సంవత్సరం వరకు సాగదీస్తే గెలుపు తథ్యమని ప్రతివాదుల పన్నాగం.

సిసిరో 50 రోజులలో సిసిలీ అంతటా తిరిగి సాక్ష్యాలను సేకరించాడు. క్రీ.పూ. 70 ఆగస్టు 5న విచారణ ఆరంభమైనపుడు, ఆచారం ప్రకారం తనకు లభించిన సుదీర్ఘ ప్రసంగావకాశాన్ని వదలుకొన్నాడు. క్లుప్తంగా ఉపోద్ఘాతం చెప్పి, వెంటనే సాక్షులను ప్రవేశపెట్టాడు. కొన్ని దినాలకే వెర్రెస్ నగరం విడిచి మస్సిలియాకు వెళ్లిపోయాడు. సిద్ధం చేసుకున్న మిగిలిన వాదాన్ని సిసిరో ఐదు భాగాల గ్రంథంగా ప్రచురించాడు. వీటిలో ఒక్క వాక్యమైనా న్యాయస్థానంలో పలుకబడలేదు. మాటల మనిషిగా పేరొందినవాడు తన తొలి మహావిజయాన్ని మౌనంతో సాధించడం విశేషం.

కాన్సల్ పదవి – కాటిలైన్ కుట్ర

క్రీ.పూ. 63లో సిసిరో కాన్సల్ అయ్యాడు. పూర్వులెవరూ సెనేట్‌లో లేని కుటుంబం నుండి ఒకరు ఆ పదవికి రావడం అప్పటికి సుమారు 30 సంవత్సరాలలో అదే ప్రథమం. ఎన్నికలలో ఓడిన కాటిలైన్ అనే ఉన్నతవంశీయుడు అప్పులలో మునిగినవారిని కూడగట్టి, నగరంలో తిరుగుబాటుకు, ఎట్రూరియాలో సేనా సమీకరణకు యత్నించాడు. నవంబరు 7 లేదా 8న జూపిటర్ ఆలయంలో సెనేట్ సమావేశమైంది. కాటిలైన్ కూడ వచ్చి కూర్చున్నాడు. అతని సమీపంలోని ఆసనాలు ఖాళీ అయ్యాయి. అప్పటికి కాన్సల్ చేతిలో తిరుగులేని లిఖిత సాక్ష్యం లేదు. అయినా సిసిరో లేచి, కుట్ర వివరాలన్నీ తనకు తెలుసునని అతని ముఖం మీదనే ప్రకటించి, నగరం విడిచి పొమ్మన్నాడు. ఆ రాత్రి కాటిలైన్ వెళ్లిపోయాడు. శస్త్రం లేకుండా ప్రత్యర్థిని వెలుపలికి తరిమిన ఈ సందర్భం రోమన్ వాక్శక్తికి పరమావధిగా చెప్పదగినది.

డిసెంబరు 3న, నగరంలో మిగిలిన కుట్రదారులు గాల్ ప్రాంతపు దూతలకు ఇచ్చిన లేఖలు పట్టుబడ్డాయి. డిసెంబరు 5న వారి శిక్షను గురించి సెనేట్ చర్చించింది. వారి ఆస్తులను జప్తు చేసి, ఇటలీ పట్టణాలలో బంధించి ఉంచాలని జూలియస్ సీజర్ సూచించాడు. మరణదండన తప్పదని కేటో పట్టుబట్టాడు. సభ కేటోవైపు మొగ్గింది. ఆ సాయంకాలమే ఐదుగురిని చెరసాలలో ఉరితీశారు. బయటకు వచ్చిన సిసిరో వారు మరణించారని చెప్పలేదు. వారు జీవించి ముగించారని తెలిపే ఒకే ఒక భూతకాలిక క్రియాపదాన్ని ఉచ్చరించాడు. అమంగళ పదాన్ని పరిహరించాలన్న నియమం మన ఆలంకారికులకు సుపరిచితమే. ఐదుగురి ప్రాణాల కథ ఆ ఒక్క పదంతో ముగిసింది.

ఇక్కడనే ఈ జీవితపు ప్రధాన వైరుధ్యం పొడచూపుతుంది. ప్రజల తీర్పు లేకుండా పౌరునికి మరణదండన విధించరాదని క్రీ.పూ. 123లో గయస్ గ్రాకస్ చేసిన శాసనం రోమనులకు రక్షాకవచం. సెనేట్ సలహాసభ మాత్రమే, న్యాయస్థానం కాదు. రాజ్యం ఆపదలో ఉన్నదని సిసిరో పక్షం. ఆ ఆపద నిజమే. అయినప్పటికీ వాదప్రతివాదాలతో నడిచే విచారణవల్లనే పేరు పొందినవాడు, ఆ ఐదుగురికి విచారణను నిరాకరించాడన్నది కాదనలేని విషయం. ఎదుటివానికి బదులు చెప్పుకొనే అవకాశం ఇవ్వడమే సభాధర్మమైతే, ఆనాడు అది భంగపడింది. వధితులలో లెంటులస్ అనేవాడు మార్క్ ఆంటొనీకి మారుతండ్రి అనే సంగతి తరువాతి కథకు అవసరం.

మాట తిరగబడడం

ఫలితం వెంటనే కనిపించింది. పదవీకాలపు చివరి రోజున ఆచారం ప్రకారం ప్రజలనుద్దేశించి ప్రసంగించబోగా, పౌరులను విచారణ లేకుండా చంపించినవానికి మాట్లాడే అర్హత లేదని ట్రిబ్యూన్ నెపోస్ అడ్డుపడ్డాడు. పదవీ విరమణ ప్రమాణం మాత్రమే చేయనిచ్చాడు. సిసిరో ఆ ప్రమాణ వాక్యాలనే మార్చి, రాజ్యాన్ని తానే రక్షించానని గట్టిగా ప్రమాణం చేశాడు. జనం హర్షించారు. కాని ఆ తరువాత సందర్భం దొరికినపుడల్లా ఆ ఘనతను తానే చాటుకోవడం, దానిపై స్వయంగా కావ్యం వ్రాసుకోవడం వినేవారికి విసుగు కలిగించాయి. స్వోత్కర్ష వక్తకు దోషమని ఇతరులకు బోధింపగలవాడు తన విషయంలో దానిని గుర్తించలేకపోయాడు.

క్రీ.పూ. 60లో పాంపే, సీజర్, క్రాసస్‌లు చేసుకున్న రహస్య ఒడంబడికలో చేరడానికి సిసిరో అంగీకరించలేదు. ఒక విచారణలో తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడని పగబట్టిన క్లోడియస్ క్రీ.పూ. 58లో ట్రిబ్యూన్ అయ్యాడు. విచారణ లేకుండా పౌరుని చంపించినవానికి దేశబహిష్కారం విధించే శాసనాన్ని అతడు ప్రతిపాదించాడు. అందులో సిసిరో పేరు లేదు, అవసరమూ లేదు. సిసిరో నగరం విడిచాడు. అతని ఇంటిని కూల్చి, ఆ స్థలంలో స్వేచ్ఛాదేవతకు మందిరం కట్టించారు. క్రీ.పూ. 57లో ప్రజల ఓటుతో తిరిగి వచ్చాడు గాని, ముగ్గురు బలవంతుల ఒత్తిడికి లొంగి, తాను ద్వేషించిన వాటీనియస్ వంటివారి పక్షాన కూడ వాదించవలసి వచ్చింది.

క్రీ.పూ. 52లో క్లోడియస్ హత్యకు గురయ్యాడు. నిందితుడు మైలో పక్షాన సిసిరో వాదానికి లేచాడు. ఫోరం చుట్టూ పాంపే సైనికులు, క్లోడియస్ అనుచరుల కేకలు. ఆయుధాల నడుమ ఆ మహావక్త తడబడ్డాడు. మైలో మస్సిలియాకు ప్రవాసం పోయాడు. తరువాత సిసిరో ఆ వాదాన్ని సంస్కరించి వ్రాసి పంపగా, ఇదే ప్రసంగం ఆనాడు జరిగి ఉంటే మస్సిలియా చేపల రుచి తనకు తెలిసేది కాదని మైలో చమత్కరించినట్లు ఒక చరిత్రకారుడు వ్రాశాడు. ఆ చమత్కారం వెనుక ఒక సత్యం ఉంది. గ్రంథంలో లోపం లేని వాక్కు, భయగ్రస్తమైన సభలో నిష్ఫలమైంది.

గ్రంథ రచన

క్రీ.పూ. 49లో అంతర్యుద్ధం చెలరేగింది. పాంపే పక్షాన చేరిన సిసిరోను విజేత సీజర్ క్రీ.పూ. 47లో క్షమించాడు. ఏకవ్యక్తి పాలనలో సభకు పని లేకపోయింది. క్రీ.పూ. 45లో ప్రియపుత్రిక టుల్లియా మరణించింది. ఆ దుఃఖంలో అతడు లేఖినిని ఆశ్రయించి, రెండేళ్ల లోపుననే దేవతలు, ధర్మం, దుఃఖనివారణ, కర్తవ్యం మొదలైన విషయాలపై గ్రంథపరంపరను వెలయించాడు. గ్రీకు తత్త్వశాస్త్రాన్ని లాటిన్‌లో చెప్పడానికి తగిన పారిభాషిక పదాలు లేకపోతే తానే కల్పించాడు. గుణవాచకమైన క్వాలితాస్, నీతివాచకమైన మోరాలిస్ అతని సృష్టులే. నేటి ఐరోపా భాషలలోని తత్సంబంధ పదాలకు ఇవే మూలాలు. శాస్త్రపరిభాషను స్వభాషలో నిర్మించడం ఎంత కష్టమో తెలిసిన మన పండితులకు ఈ కృషి విలువ వేరుగా చెప్పనక్కరలేదు. అతని ప్రసంగాలను, లేఖలను సేకరించి భద్రపరచడంలో తోడ్పడిన టైరో మొదట దాసుడు, క్రీ.పూ. 53లో స్వేచ్ఛ పొందాడు. ఒక సంక్షిప్త లేఖన పద్ధతి అతని పేరుతోనే ప్రసిద్ధమైంది.

చివరి పోరాటం

క్రీ.పూ. 44 మార్చి 15న సీజర్ హతుడయ్యాడు. కుట్రలో సిసిరోకు పాలు లేదు, కాని సంతోషించాడు. అధికారం ఆంటొనీ చేతికి చిక్కుతున్నదని గ్రహించి, సెప్టెంబరు 2 నుండి మరుసటి ఏప్రిల్ 21 వరకు అతనికి వ్యతిరేకంగా 14 ప్రసంగాలను రచించాడు. మాసిడోనియా రాజు ఫిలిప్‌పై గ్రీకు వక్త డెమోస్తనీస్ చేసిన ప్రసంగాలను తలపించేటట్లు వీటికి ఫిలిప్పిక్కులని పేరు నిలిచింది. వీటిలో అత్యంత తీవ్రమైన రెండవది ఎన్నడూ పలుకబడలేదు; చదువుకొనడానికే ప్రచారమైంది.

సైన్యం లేని సిసిరో, ఆంటొనీని ఎదుర్కొనడానికి సీజర్ దత్తపుత్రుడైన ఆక్టేవియన్‌ను సమర్థించాడు. చట్టబద్ధమైన పదవి లేకుండా సొంతంగా సేనను కూర్చిన ఆ యువకునికి సెనేట్ గౌరవాలు ఇప్పించినవాడు ఇతడే. సిసిరో కాన్సల్‌గా ఉన్న క్రీ.పూ. 63లోనే ఆ యువకుడు జన్మించడం విచిత్రం. శాసనాన్ని నిలబెట్టడానికి శాసనబాహ్యమైన బలాన్ని ఆశ్రయించడం ఇది రెండవసారి. క్రీ.పూ. 43 చివర ఆక్టేవియన్, ఆంటొనీ, లెపిడస్‌లు ఏకమయ్యారు. సల్లా నాటి జాబితా మళ్లీ వెలువడింది. ఆక్టేవియన్ తన సమర్థకుని పేరును అందులో చేర్చడానికి సమ్మతించాడు. జాబితా బాధితుని పక్షాన వాదించి పేరొందినవాడు 37 సంవత్సరాల తరువాత అదే విధమైన జాబితాకు ఎక్కాడు. ఈసారి వాదించడానికి న్యాయస్థానం లేదు.

డిసెంబరు 7న, ఫోర్మియా సమీపంలో, పల్లకిలో సముద్రతీరానికి పోతున్న సిసిరోను సైనికులు పట్టుకున్నారు. సేవకులు పోరాడబోగా వారించి, అతడు మెడ చాచాడు. వయస్సు 63. ఫిలిప్పిక్కులను వ్రాసిన చేతులను కూడ ఖండించి, శిరస్సుతోపాటు రోమ్‌కు తెచ్చి, ఆంటొనీ ఆజ్ఞపై రోస్ట్రాకు తగిలించారు. ఆంటొనీ భార్య ఫుల్వియా ఆ నాలుకను తలసూదులతో పొడిచిందని తరువాతి చరిత్రకారుడు డియో వ్రాశాడు. ఇదే వేదికపై క్రీ.పూ. 87లో ప్రదర్శింపబడిన వక్త ఆంటోనియస్ శిరస్సు ఈ ఆంటొనీకి స్వయానా పితామహునిది.

ఉపసంహారం

పై పరిశీలనవల్ల కొన్ని అంశాలు తేటపడుతున్నాయి. మొదటిది: వాక్కు శక్తి వక్త ప్రతిభలో మాత్రమే లేదు, విని, తూచి, దానికి కట్టుబడే సభలో ఉంది. అదే సిసిరో క్రీ.పూ. 70లో గెలిచి, క్రీ.పూ. 52లో ఓడడానికి కారణం పాండిత్యంలోని తేడా కాదు. సభ స్థితిలోని తేడా. రెండవది: ఆ సభాధర్మాన్ని శత్రువులు మాత్రమే భంగపరచలేదు. మంచి ఉద్దేశంతోనే అయినా, క్రీ.పూ. 63లో ఐదుగురిని విచారణ లేకుండా వధింపజేసి, క్రీ.పూ. 43లో వ్యక్తిగత సేనకు ఆమోదం కూర్చి, సిసిరో కూడ ఆ క్షయంలో పాలుపంచుకున్నాడు. ద్రౌపది ప్రశ్నకు బదులియ్యలేని ద్యూతసభలో పెద్దలందరూ ధర్మజ్ఞులేనన్న విషయం మనకు తెలిసినదే. సభ మూగవోవడానికి దుర్జనుల బలం ఎంత కారణమో, సజ్జనుల మినహాయింపులూ అంతే కారణం.

అయితే ఖడ్గానిదే చివరి మాట కాలేదు. క్రీ.పూ. 30లో సిసిరో కుమారుడు కాన్సల్‌గా ఉండగా సెనేట్ ఆంటొనీ విగ్రహాలను తొలగించింది. అనేక సంవత్సరాల తరువాత, అగస్టస్ చక్రవర్తి అయిన ఆక్టేవియన్, తన మనుమడు ఒకడు సిసిరో గ్రంథం చదువుతూ తనను చూసి భయంతో వస్త్రంలో దాచడం గమనించాడట. గ్రంథాన్ని తీసుకొని, నిలబడే చాలాభాగం చదివి, అతడు విద్వాంసుడు, దేశభక్తుడు అంటూ తిరిగి ఇచ్చాడని ప్లూటార్క్ చెప్పాడు. తన సమ్మతితో చంపబడినవాని మాటను తన ఇంటిలోనే దాచుకొని చదువవలసి రావడం ఆ పాలకునికి ఏమనిపించిందో చరిత్ర చెప్పదు. నేడు 50కి పైగా ప్రసంగాలు, అతడు వ్రాసినవి, అతనికి వచ్చినవి కలిపి 900కు పైగా లేఖలు మిగిలి ఉన్నాయి. వీటిలోని సభాధర్మ భావనను మన ధర్మశాస్త్రాలలోని సభా, వ్యవహార ప్రకరణాలతో పోల్చి పరిశీలించడం ప్రాచ్యవిద్యా పరిశోధకులకు ప్రయోజనకరమైన మార్గం కాగలదు.